తొలినాటి వెబ్‌సైటుకు మలిరూపం

ఒక గ్రంథానికి రెండు రూపాలుండడం సాహిత్య విద్యార్థులకు వింత విషయం కాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. ఆ నాటకాన్నే ఆయన తిరిగి వ్రాసి 1909లో రెండవసారి ప్రకటించారు. నేడు మనం చదువుతున్నదీ, రంగస్థలం మీద చూస్తున్నదీ ఈ రెండవ రూపమే. పేరు అదే, కథకు మూలమైన సమస్య అదే; కాని మధురవాణి పాత్రకు వచ్చిన నిండుదనం మాత్రం 1909 నాటిది. ఉర్దూ వైపు చూస్తే మిర్జా గాలిబ్ కనిపిస్తాడు. ఆయన దీవాను 1841లో తొలిసారి అచ్చయినది. 1821 నాటి వ్రాతప్రతి ఒకటి భోపాలులో బయటపడి 1921లో ప్రచురింపబడిన తరువాతగాని, యౌవనంలో చెప్పిన కవిత్వంలో ఆయన ఎంత భాగాన్ని తానే పక్కన పెట్టినాడో లోకానికి తెలియలేదు. ఒకరు తొలి పనిని పెంచి దిద్దారు, మరొకరు జల్లించారు. ఇద్దరూ తమ తొలి పనిని మరల చేతిలోకి తీసుకొన్నవారే.

ఈ మాట ఇప్పుడు వెబ్‌సైట్లకు కూడా వర్తించే కాలం వచ్చినది. 1990ల చివర, 2000ల ఆరంభంలో ఇరవై ఏండ్ల ప్రాయంలో వెబ్‌సైట్లు తయారుచేసిన డిజైనర్లు నేడు నడివయస్సులో ఉన్నారు. వారు ఆనాడు చేసిన పనిలో చాలా భాగం అంతరించినది. మిగిలినది చేతికి వచ్చినప్పుడు దానిని తుడిచివేయవలెనా, దిద్దవలెనా అనే ప్రశ్న కలుగుతున్నది. మన కళాశాలలో కంప్యూటరు కోర్సు చదివే విద్యార్థులకు ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలో సరికొత్త సైటు కట్టే అవకాశం కంటె, ఎవరో కట్టిన పాత సైటును బాగుచేసే పని అప్పగింపబడే అవకాశమే ఎక్కువ. తెలుగు శాఖవారికి ఈ గొడవ ఎందుకని కమిటీ పెద్దలలో ఎవరికైనా సందేహం కలిగితే, కొంచెం ఓపికతో వ్యాసం సగం వరకు చదువవలసిందని మా మనవి.

ముందుగా వెబ్ పేజీ అంటే ఏమిటో తెలుసుకొందాం. టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ 1991లో ప్రపంచానికి పరిచయం చేసిన మొదటి సైటులో బొమ్మలు లేవు, రంగులు లేవు. అందులో ఉన్నవి అక్షరాలు, శీర్షికలు, ఒక పుట నుండి మరొక పుటకు దారి చూపే లింకులు మాత్రమే. 2013లో సెర్న్ సంస్థ ఆ తొలి పుటను దాని పాత చిరునామాలోనే మరల నిలబెట్టినది. నేటి ఫోనులో తెరచినా అది చక్కగా చదువుకోవడానికి వీలుగా ఉన్నది. అంత పాత పుట ఇంత కొత్త పరికరంలో ఎట్లా ఇమిడినది? దానికి ప్రత్యేకమైన వేషమేదీ లేకపోవడమే కారణం. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని మాత్రమే ఆ పుట చెబుతుంది. ఎంత వెడల్పు, ఏ అక్షరం, ఏ రంగు అన్నది చూపించే పరికరానికి వదలివేస్తుంది. విషయానికి గల ఈ కూర్పును తెలిపే భాషనే హెచ్.టి.ఎమ్.ఎల్. అంటారు.

కాని అచ్చు పత్రికలు చూచి పెరిగిన కండ్లకు ఈ నిరాడంబరత్వం రుచించలేదు. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరు అక్షరాల నడుమనే బొమ్మలను చూపగలిగినది. మరుసటి సంవత్సరం నెట్‌స్కేప్ వచ్చినది. డిజైనర్లకు పత్రికలోవలె రెండు మూడు కాలమ్‌లు కావలసి వచ్చినవి. అంకెల పట్టికలు వ్రాయడానికి ఏర్పరచిన గడులను వారు పుట మొత్తానికి చట్రంగా వాడుకొన్నారు. ఎడమ గడిలో విషయసూచిక, నడిమి గడిలో వ్యాసం, పై గడిలో పేరు! గడుల మధ్య ఖాళీ నిలపడానికి కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మను పెట్టి, దానిని కావలసినంత సాగదీసేవారు. పూర్వం ముద్రణాలయంలో కంపోజిటరు అక్షరాల నడుమ పెట్టే ఖాళీ సీసపు ముక్కల వంటిదే ఇదీ. డేవిడ్ సీగెల్ అనే అమెరికన్ డిజైనరు 1996లో ‘క్రియేటింగ్ కిల్లర్ వెబ్ సైట్స్’ అనే పుస్తకంలో ఈ చిట్కాలను వివరించగా, అది ఆనాటి యువ డిజైనర్లకు పెద్దబాలశిక్ష అయినది. విశేషమేమిటంటే మరుసటి సంవత్సరమే ఆయన, వెబ్ పాడైపోయినదనీ దానిని పాడుచేసినది తానేననీ శీర్షిక పెట్టి ఒక వ్యాసం ప్రకటించినాడు. తన తొలి పనిని ఇంత త్వరగా తానే విమర్శించుకొన్న శిల్పులు ఏ కళలోనైనా అరుదు.

అయితే ఆనాటి యువకులను తప్పు పట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. విషయం ఒకచోట, వేషం మరొకచోట వ్రాసుకొనే పద్ధతిని హోకన్ వీయుమ్ లీ 1994లోనే ప్రతిపాదించినాడు, దానినే సి.ఎస్.ఎస్. అంటారు. అది 1996 డిసెంబరులో ప్రమాణంగా ఆమోదం పొందినప్పటికీ, బ్రౌజర్లన్నీ దానిని నమ్మదగిన రీతిలో పాటించేసరికి మరికొన్ని ఏండ్లు పట్టినవి. అంతవరకు గడులు తప్ప వేరే సాధనం లేదు. తెర వెడల్పు ఎనిమిది వందల చుక్కలు. అన్ని యంత్రాలలో ఒకే తీరుగా కనిపించే రంగులు 216. టెలిఫోను తీగ మీద నత్తనడక నడిచే మోడెము. ఈ ఇరుకులో నిలబడి వారు కట్టినది నేటి విశాలమైన వాకిలిలో కూర్చొని ఎగతాళి చేయడం సులభమే. పాత సైటును దిద్దబోయే విద్యార్థి మొట్టమొదట చేయవలసిన పని, ప్రతి వింత వెనుక ఆనాటి అవసరం ఏమున్నదో కనిపెట్టడం. కొన్నింటికి అవసరం ఉంటుంది. కొన్నింటికి కుర్రతనం తప్ప మరే కారణమూ ఉండదు; కదిలే అక్షరాలు, మిణుకుమిణుకుమనే శీర్షికలు ఆ రెండవ జాతివి.

విషయాన్నీ వేషాన్నీ విడదీస్తే ఏమి సాధ్యమవుతుందో చూపినవాడు డేవ్ షే అనే కెనడా డిజైనరు. 2003 మే నెలలో ఆయన ‘సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్’ అనే సైటును ప్రారంభించినాడు. అందులో ఉన్నది ఒకే ఒక పుట. ఆ పుటలోని విషయాన్ని, దాని కూర్పును ఎవరూ ముట్టుకోరాదు. రూపనియమాల పత్రాన్ని మాత్రమే ఎవరికి తోచినట్లు వారు వ్రాసి పంపవచ్చును. రెండు వందలకు పైగా రూపాలు అందులో చేరినవి. ఒకదానిని చూచినవాడు మరొకదానిని చూచి, ఇది అదే పుట అంటే నమ్మడు. పదేండ్లు నిండిన సందర్భంలో 2013లో డేవ్ షే తన తొలినాటి సైటును మరల చేతికి తీసుకొని, కూర్పును కొత్త ప్రమాణాలకు అనుగుణంగా సవరించి, కొత్త రూపాలకు మరల ద్వారం తెరచినాడు. పాత రూపాలను పారవేయలేదు. అంతకు మూడేండ్ల ముందు, 2010లో, ఈథన్ మార్కాట్ అనే డిజైనరు తెర వెడల్పును బట్టి తనంతట తానే సర్దుకొనే పుటను గురించి వ్రాసి ఉన్నాడు. పుటను గడులుగా పేర్చడానికి సి.ఎస్.ఎస్.లోనే ఏర్పడిన గ్రిడ్ పద్ధతి 2017లో ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోను ప్రవేశించినది. పట్టికల చట్రంతో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

ఇంతవరకు చెప్పినది ఆంగ్లంలో ఉన్న సైట్ల సంగతి. అక్కడ చట్రాన్ని ఊడదీస్తే లోపలి అక్షరం చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మన తెలుగు, ఉర్దూ సైట్లలో అట్లా రాదు. మాకు ఈ వ్యాసం వ్రాయవలెనని తోచడానికి కారణం ఇదే.

తెలుగు అక్షరాలకు యూనికోడులో 1991 నాటికే స్థానం ఏర్పడినది. కాని మన ఇండ్లలోని, ఇంటర్నెట్ సెంటర్లలోని కంప్యూటర్లకు ఆ సంగతి చాలా కాలం తెలియదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చినది. అది కూడా అందరికీ చేరడానికి సమయం పట్టినది. అంతవరకు తెలుగు సైటు కట్టిన ప్రతివాడూ ఒక ఉపాయం పన్నవలసి వచ్చినది. ఆంగ్ల అక్షరాలకూ, విరామ చిహ్నాలకూ కేటాయించిన 256 స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టేవారు. ఒక స్థానంలో తలకట్టు, మరొకదానిలో గుడి, ఇంకొకదానిలో ఒక ఒత్తు. ఏ ముక్క ఏ స్థానంలో కూర్చున్నదో ఆ ఫాంటు తయారుచేసిన వారికే తెలియును. ఒక పత్రిక ఫాంటు మరొక పత్రిక పుటకు పనికిరాదు. ఫాంటు లేని యంత్రంలో ఆ పుట తెరిస్తే కనిపించేది తెలుగు కాదు. ఆంగ్ల అక్షరాల, విచిత్ర చిహ్నాల కలగూరగంప. అనగా ఆ పుటలో నిజానికి తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. తెలుగువలె కనిపించే వేషం మాత్రమే ఉన్నది.

ఉర్దూ పరిస్థితి మరొక విధం. మిర్జా అహమద్ జమీల్ వ్రాసిన నూరీ నస్తాలీఖ్ 1981లో యంత్రానికి ఎక్కినది. కాతిబు చేతివ్రాతతో నడిచే ఉర్దూ పత్రికకు అది కొత్త యుగం. 1990లలో ఇన్‌పేజ్ అనే సాధనం వచ్చిన తరువాత అదే లిపి మామూలు కంప్యూటరు మీదికి దిగి వచ్చినది. కాని ఇన్‌పేజ్‌లో కూర్చిన పుటను బ్రౌజరు అర్థం చేసుకోలేదు. కనుక ఉర్దూ పత్రికలు, సాహిత్య సైట్లు చాలాకాలం పుటను బొమ్మగా మార్చి పెట్టేవి. కంటికి నస్తాలీఖ్ సొగసు కనిపిస్తుంది. యంత్రానికి మాత్రం అది చెట్టు బొమ్మ, పిట్ట బొమ్మ వంటిదే. అందులో ఒక మాట వెదకలేము. చూపు లేనివారికి చదివి వినిపించే సాధనం ఆ పుట దగ్గరికి వచ్చేసరికి మౌనం వహిస్తుంది.

మాకు పరిచయస్థులైన ఒక డిజైనరు డిగ్రీ చదివే రోజులలో, 2002లో, తమ పట్టణంలోని తెలుగు, ఉర్దూ కవుల రచనలను చేర్చి ఒక సైటు కట్టినారు. ఆయన ఇప్పుడు హైదరాబాదులో పేరున్న డిజైనరు. ఆ తొలి సైటు నకలు ఒక సి.డి.లో మిగిలి ఉండగా దానిని మరల నిలబెట్టవలెనని నిశ్చయించుకొని, తెలుగు పుటల విషయంలో మా సాయం కోరినారు. తెరచి చూడగా గడుల చట్రం, పచ్చని వెనుకతెర మీద ఎర్రని అక్షరాలు, తలుపు దగ్గర తిరిగే భూగోళం, ఎందరు చూచినారో లెక్కపెట్టే అంకెల పెట్టె — ఆ కాలపు లక్షణాలన్నీ ఉన్నవి. “ఇది నా చేతి పనేనా!” అని ఆయన నవ్వుకొన్నారు. మేము నవ్వలేదు. ఆ పుటలలోని పద్యాలలో కొన్నింటికి వేరే ప్రతి ఎక్కడా లేదు. అచ్చు కాకముందే చెప్పిన కవులు గతించినారు. వ్రాతపుస్తకాలు ఏమైనవో వారి ఇంటివారికే తెలియదు. భూగోళం ఏమైపోయినా ఫరవాలేదు గాని ఆ పద్యాలు పోరాదు.

పాత ఫాంటులోని ముక్కలను యూనికోడు అక్షరాలుగా మార్చే పట్టికలు తయారుచేసుకోవచ్చును. ఆయన ఒక ప్రోగ్రాము వ్రాసి పుటలన్నీ మార్చినారు. తొంభై పాళ్ళు సరిగానే వచ్చినట్లు కంటికి తోచినది. చిక్కు మిగిలిన పది పాళ్ళతోనే. పాత ఫాంటులో ‘ద’ను ‘ధ’గా చేసే గీత వేరు ముక్క, అది జారినచోట ‘ధనం’ ‘దనం’ అయినది, ‘భాష’ ‘బాష’ అయినది. కింది ఒత్తు జారినచోట ‘అన్న’ ‘అన’గా మిగిలినది. గుణింతపు గుర్తుకు ముందు రావలసిన ఒత్తు తరువాత వచ్చి, తెరమీద సున్న చుట్టిన ఖాళీ వలయమొకటి ప్రత్యక్షమైనది. గడి ఇరుకై పంక్తి విరిగినచోట ఒక పదం రెండు ముక్కలై అట్లాగే నిలిచిపోయినది. ఇవి యంత్రానికి తప్పులుగా కనిపించవు. ‘అన’ కూడా తెలుగు మాటే కదా!

ఇక్కడ మా శాఖ పాఠాలు అక్కరకు వచ్చినవి. ఛందస్సు ఇంక ఎందుకని తరగతిలో ప్రతి సంవత్సరం ఒకరైనా అడుగుతారు. వారు శ్రద్ధగా వినవలసిన సంగతి ఇది. ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరం గురువు. ‘అన్న’లో ఒత్తు జారి ‘అన’ అయితే గురువు లఘువవుతుంది, గణం తప్పుతుంది. తేటగీతిలో ఇంద్రగణం ఉండవలసినచోట ఏ గణానికీ సరిపోనిది కనిపించినదంటే అక్కడ ఏదో ముక్క జారినదన్నమాట. కందంలో గణం చెడినచోట, ప్రాస తప్పినచోట ఆగి చూడగా చాలా వరకు జారిన అక్షరమే దొరికినది. కాని ఛందస్సు అన్నిటినీ పట్టియివ్వదు. ‘ద’, ‘ధ’ ఒకే వర్గానికి చెందినవి గనుక వాటికి యతిమైత్రి ఉన్నది. ‘ధ’ బదులు ‘ద’ పడినా యతి చెడదు, గణమూ చెడదు. అక్కడ అర్థం తెలిసిన కన్ను తప్ప వేరే కాపలా లేదు. వచన పుటలకైతే ఆ మొదటి కాపలా కూడా లేదు. ప్రతి పంక్తి చదువవలసిందే. అందరికంటె ముందు పద్యపుటలు ముగిసి, వచనం వెనుకబడినదంటే కారణం ఇదే.

ఉర్దూ పుటలకు మార్చే పట్టిక లేదు, బొమ్మలు గనుక. చూచి టైపు చేయవలసి వచ్చినది. తెలుగు పద్యానికి గణం ఎట్లాగో గజలుకు బహర్, కాఫియా, రదీఫ్ అట్లాగే కాపలా కాసినవి. టైపు చేసేవారు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి మాత్రం చెప్పవలెను. అరబ్బీ ‘యే’కు ఒక సంఖ్య, ఉర్దూ ‘యే’కు వేరొక సంఖ్య ఉన్నవి, ‘కాఫ్’కు కూడా అంతే. మాట నడుమ రెండూ ఒకే తీరుగా కనిపించవచ్చును. కాని ఒక పుటలో ఒకటి, మరొక పుటలో మరొకటి పడితే వెదికినవారికి సగం పుటలే దొరుకుతవి. కీబోర్డు ఉర్దూదేనా అని పని మొదలుపెట్టే ముందే చూచుకొనుట మేలు.

అక్షరం చేతికి వచ్చిన తరువాతనే రూపం సంగతి. ఇందులో మన భాషలకు ప్రత్యేకమైనవి రెండు మూడు ఉన్నవి. ఆంగ్లానికి సరిపోయే పంక్తి ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడి మీద పడతవి. నస్తాలీఖు ఏటవాలుగా దిగుతుంది గనుక దానికి ఇంకా ఎక్కువ ఎడం కావలెను. అక్షరానికీ అక్షరానికీ నడుమ దూరం పెంచే సొగసు ఆంగ్ల శీర్షికలకు చెల్లుతుందేమో గాని, కలిపి వ్రాసే ఉర్దూ మాటను అది తుంచివేస్తుంది. ప్రతి పుటకు భాష ఏదో, ఉర్దూకు దిశ కుడి నుండి ఎడమకని కూర్పులోనే తెలపవలెను. 1997 డిసెంబరులో ఆమోదింపబడిన హెచ్.టి.ఎమ్.ఎల్. నాలుగవ ప్రమాణంలోనే ఈ సదుపాయం ఉన్నది. ఫాంటులకు ఇప్పుడు కరువు లేదు. గురజాడ, మండలి, రామభద్ర మొదలైన తెలుగు ఫాంటులు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితంగానే లభిస్తున్నవి; పుటతోపాటు ఫాంటు కూడా వెళ్ళే ఏర్పాటు ఉన్నందున చదివేవారి యంత్రంలో అవి ఉండనక్కరలేదు. పచ్చని వెనుకతెర మీది ఎర్రని అక్షరాల సంగతి చెప్పనక్కరలేదు. వెనుకతెరకూ అక్షరానికీ వెలుగులో నాలుగున్నరకు ఒకటి నిష్పత్తి తగ్గరాదని 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. రంగుల తేడా గుర్తింపలేని విద్యార్థి తరగతిలో ఒకడైనా ఉంటాడని మనకు తెలిసిందే.

కొత్త సైటు కట్టేవారు చాలామంది మరచేది చిరునామా. పాత పుటల చిరునామాలను మార్చివేస్తే, వాటిని ఎక్కడెక్కడో ఉదహరించిన వ్యాసాలన్నీ మూసిన తలుపును తట్టవలసి వస్తుంది. మంచి చిరునామా మారదని బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం వ్రాసినాడు. మార్చక తప్పకపోతే, ఈ పుట శాశ్వతంగా ఫలానా చోటికి వెళ్ళినదని సర్వరు చేత చెప్పించవచ్చును. దానికి 301 అనే సంకేతమున్నది. పోస్టాఫీసువారు ఇల్లు మారినవారి ఉత్తరాలను కొత్త ఇంటికి పంపినట్లే ఇదీ. ‘స్పేస్ జామ్’ అనే సినిమాకు 1996లో కట్టిన సైటు పాతికేండ్లు చెక్కుచెదరకుండా నిలిచినది. 2021లో రెండవ సినిమా వచ్చినప్పుడు దానిని అదే పేరు కింద ఒక పక్క గదిలో భద్రపరచినారు. దానికి భిన్నంగా, లక్షలాది సామాన్యులు తమ తొలి పుటలు వ్రాసుకొన్న జియోసిటీస్‌ను 2009లో దాని యజమానులు అమెరికాలో మూసివేసినారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు, కొందరు స్వచ్ఛంద సేవకులు దాచగలిగినంత దాచినారు. సినిమా ప్రకటనకు పట్టిన అదృష్టం సామాన్యుని తొలి వ్రాతకు పట్టలేదు.

మా పరిచయస్థులతో మాకు అభిప్రాయభేదం వచ్చినది ఒకచోట మాత్రమే. సైటు మొదటి పుటలో ఆయన ఇరవై ఏండ్ల ప్రాయంలో వ్రాసిన పీఠిక ఒకటి ఉన్నది. సమాసాలు ఎక్కువ, సమాచారం తక్కువ. దానిని పూర్తిగా తీసివేయవలెనని ఆయన పట్టుపట్టినారు. కవుల ఊళ్ళు, వారిని ఆయన కలుసుకొన్న సందర్భాలు ఆ పీఠికలో తప్ప మరెక్కడా లేవని మేము వాదించినాము. గాలిబ్ జల్లించి పారవేసినది కూడా భోపాలు వ్రాతప్రతిలో మిగలడం వల్లనే కదా ఆయన ఎదుగుదలను నేడు చదువగలుగుతున్నాము! చివరకు కొత్త సైటుకు కొత్త పీఠిక వ్రాయుటకు, 2002 నాటి సైటు మొత్తాన్ని, భూగోళంతో సహా, ‘పాత రూపం’ అనే లింకు వెనుక యథాతథంగా నిలుపుటకు ఒప్పందం కుదిరినది. అంకెల పెట్టెకు లెక్కలు అందించే సంస్థ ఎప్పుడో మూతబడినందున అది మాత్రం ఖాళీ గడిగానే ఉన్నది. మొదట తెరుచుకొనే బొమ్మల కథ ఫ్లాష్‌లో చేసినది. 2020 చివర ఫ్లాష్ నిలిపివేయబడినందున దానికి ఒక నిశ్చల చిత్రం పెట్టినారు.

మన కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో ఒకటి రెండు సూచనలు. సంస్థల పాత సైట్లు పోవడానికి సాంకేతిక కారణాల కంటె సామాన్య కారణాలే ఎక్కువ. సైటు పేరు ఎవరో ఒక ఉద్యోగి సొంత ఖాతాలో ఉంటుంది. ఆయన బదిలీ అయిన తరువాత ఏటేటా కట్టవలసిన రుసుము గడువు దాటిపోతుంది. పేరు సంస్థ పేరిటనే ఉండవలెను. రహస్య సంకేతాలు ఇద్దరి వద్ద ఉండవలెను. సైటు ఎవరు కొత్తగా కట్టినా, పాతదాని పూర్తి నకలు గ్రంథాలయంలో ప్రవేశసంఖ్య వేసి భద్రపరచుట మంచిది. మన వార్షిక సంచికల పాత తెలుగు పుటలు ఏ ఫాంటులో కూర్చబడినవో, ఆ ఫాంటు ఫైలు ఎక్కడున్నదో ఇప్పుడే విచారించుట అవసరం. ఫాంటు ఉన్నంతవరకే ఏ ముక్క ఏ అక్షరమో చెప్పే ఆధారం ఉంటుంది. ఉర్దూ పుటలకు ఇన్‌పేజ్ ఫైళ్ళు దొరికితే పని చాలా తేలికవుతుంది. బొమ్మల నుండి టైపు చేయవలసిన అవసరం రాదు. మార్పిడిలో తప్పులు దిద్దే పని కంప్యూటరు శాఖకు ఒక్కదానికే అప్పగిస్తే సరిపోదు. ఉభయ భాషాశాఖల విద్యార్థులను చెరి సగం కూర్చోబెట్టి, ఒకరు పాత పుటను బిగ్గరగా చదువుతూ ఉండగా మరొకరు కొత్త పుటను సరిచూచే పద్ధతి మాకు బాగా పనికివచ్చినది. పూర్వం అచ్చు కార్యాలయాలలో ప్రూఫులు దిద్దిన విధానం ఇదే.

ఆ పట్టణపు కవుల సైటులో తెలుగు పద్యాలన్నీ పూర్తయినవి. వచనం సగం దాటినది. ఉర్దూ పుటలలో కొన్ని బొమ్మలు మరీ చిన్నవిగా ఉండి నుక్తాలు ఆనడం లేదు. వాటిని చదవగలవారు ఆ కవుల ముషాయిరాలలో కూర్చున్న పెద్దలు ఇద్దరు ముగ్గురు మిగిలి ఉన్నారు. రానున్న సెలవులలో వారి వద్దకు వెళ్ళడానికి ఉర్దూ శాఖ విద్యార్థులు నలుగురు పేర్లిచ్చినారు.